యువతకు ఫోను బ్రాండు మీద మోజు ఎలా పుడుతుంది, ఎందుకు పోతుంది?

దక్షిణ కొరియా శామ్‌సంగ్‌కు పుట్టిల్లు. 2023లో గాలప్ కొరియా జరిపిన సర్వేలో అక్కడి వయోజనుల్లో 69 శాతం మంది ఆ సంస్థ గెలాక్సీ ఫోన్లు వాడుతున్నట్టు తేలింది. ఐఫోన్ వాడేవాళ్లు 23 శాతం. ఇంతవరకు ఆశ్చర్యమేమీ లేదు. అదే సర్వేలో 18 నుంచి 29 ఏళ్ల వయసువాళ్లను విడదీసి చూస్తే మాత్రం లెక్క తిరగబడింది. వాళ్లలో 65 శాతం మంది చేతిలో ఐఫోన్ ఉంది. గెలాక్సీ ఉన్నది 32 శాతం మంది దగ్గరే.

ఫోను పనితనం చూసి ఈ తేడాను వివరించలేం. ఐఫోన్ కోసం ఆ యువత వదులుకున్నవి చిన్నా చితకా సదుపాయాలు కావు. కొరియాలో ఫోను సంభాషణను రికార్డు చేసుకోవడం చాలామందికి అలవాటు. గెలాక్సీలో ఎప్పటినుంచో ఉన్న ఆ వీలు ఐఫోన్‌కు 2024 చివర్లో గానీ రాలేదు. దుకాణంలో ఫోను ఆనించి డబ్బు కట్టే సౌకర్యాన్ని శామ్‌సంగ్ 2015లోనే తెచ్చింది. యాపిల్ పే అక్కడికి చేరింది 2023 మార్చిలో, అదీ ఒకే ఒక్క కార్డు సంస్థతో. ఇన్ని ఇబ్బందులకూ సిద్ధపడి, ఎక్కువ ధర పెట్టి, సొంత దేశపు ఫోను కాదని వేరే ఫోను కొన్నారంటే వాళ్లు కొన్నది యంత్రాన్ని మాత్రమే కాదు. తోటివాళ్ల మధ్య ఒక చోటును కొనుక్కున్నారు. బ్రాండు మీద మోజు పుట్టేదీ అక్కడే, చచ్చిపోయేదీ అక్కడే అని నా అభిప్రాయం. కెమెరా, చిప్పు, ప్రకటన, ధర అన్నీ ఆ చోటును నిలబెట్టేవో కూలగొట్టేవో అయితేనే లెక్కలోకి వస్తాయి.

ఆర్థికశాస్త్రంలో దీనికి పాత పునాదే ఉంది. ఇతరుల కొనుగోళ్లను చూసి మన కొనుగోళ్లు ఎలా మారతాయో 1950లో హార్వే లీబెన్‌స్టైన్ మూడు పాయలుగా విడదీసి చూపించారు. అందరూ కొంటున్నారు కాబట్టి మనమూ కొనడం ఒకటి. నలుగురితో పాటు నారాయణ అనుకోవడమన్నమాట. అందరి దగ్గరా ఉంది కాబట్టి మనకు వద్దనుకోవడం రెండోది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారే, అది. ధర ఎక్కువ కాబట్టే కోరుకోవడం మూడోది. దీనికి ఆయన తనకు ముందుతరం ఆర్థికవేత్త తోర్‌స్టైన్ వెబ్లెన్ పేరు పెట్టారు.

నలభై ఏళ్ల మనిషి మీద ఈ మూడూ పనిచేస్తాయి, కానీ మెల్లగా. పదహారేళ్ల మనిషి మీద ఒకేసారి, ఎదురుబొదురు దిక్కుల్లో పనిచేస్తాయి. స్నేహితులతో సమానంగా ఉండాలి, అమ్మానాన్నలకు భిన్నంగా ఉండాలి. అంటే యువత మెచ్చే బ్రాండు తరగతి గదిలో అందరి దగ్గరా ఉండాలి, ఇంట్లో పెద్దవాళ్ల చేతిలో మాత్రం కనిపించకూడదు. ఈ రెండు షరతులూ కలిసి నెరవేరే కాలం ఎప్పుడూ కొద్దిదే. ఎందుకంటే నేటి ఇరవయ్యేళ్లవాళ్లే రేపటి తల్లిదండ్రులు. కొరియాలో గెలాక్సీకి నడివయసు మగవాళ్ల ఫోను అన్న ముద్ర పడింది ఈ దారిలోనే. తల్లిదండ్రుల తరం గుండెకు హత్తుకున్న బ్రాండు కాబట్టే పిల్లలకు అది పాతబడింది.

బ్లాక్‌బెర్రీ ఎక్కిన మెట్లు, దిగిన మెట్లు

మోజు పుట్టడం, పోవడం రెండూ పూర్తిగా కనిపించే కథ బ్లాక్‌బెర్రీది. కెనడాలోని వాటర్లూ నగరపు సంస్థ ఇది. దాని ఫోన్లు తయారైంది అధికారుల కోసం, ఈమెయిళ్ల కోసం. కుర్రాళ్లను ఆకట్టుకోవాలని మొదట్లో ఎవరూ అనుకోలేదు. 2005లో బీబీఎం అనే సందేశాల సేవను చేర్చారు. ఆ రోజుల్లో చాలా దేశాల్లో పంపిన ప్రతి సందేశానికీ డబ్బు పడేది. బీబీఎంలో నెలకు కట్టే మొత్తం మీద ఎన్ని పంపినా ఒకటే. స్నేహితులంతా కలిసి ఒకే గుంపులో మాట్లాడుకోవచ్చు. ఫోను నంబరు ఇవ్వనక్కరలేదు, ఎనిమిది అక్షరాల పిన్ చెబితే చాలు. కొత్తగా పరిచయమైనవాళ్లకు నంబరు ఇవ్వడానికి జంకే అమ్మాయిలకు ఇది ఎంత పెద్ద వెసులుబాటో ఊహించండి.

ఇంకో చిన్న ఏర్పాటు కూడా ఉంది. సందేశం చేరగానే పక్కన డి అనే అక్షరం, అవతలివాళ్లు చదవగానే ఆర్ అనే అక్షరం కనిపించేవి. చదివి కూడా జవాబివ్వలేదన్న అలక, చదివినట్టు తెలియకూడదన్న జాగ్రత్త, ఈరోజు అన్ని సందేశ యాప్‌లలో ఉన్న ఈ సంబరమంతా అప్పటి కుర్రకారుకు ఆ రెండు అక్షరాలతోనే మొదలైంది. పొద్దుపోయేదాకా ఫోను పక్కన పెట్టలేకపోవడానికి వ్యాపార ఈమెయిళ్లు కారణం కాదు, ఇవే.

ఫలితం? బ్రిటన్ ప్రసార, టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2011 ఆగస్టులో వెల్లడించిన వివరాల ప్రకారం స్మార్ట్‌ఫోన్ ఉన్న టీనేజీ పిల్లల్లో 37 శాతం మంది ఎంచుకున్నది బ్లాక్‌బెర్రీనే. ఇండొనేషియా, దక్షిణాఫ్రికా, నైజీరియాల్లోనూ యువతలో దానికి అంతటి ఆదరణ ఉండేది. అధికారుల ఫోను కుర్రాళ్ల ఫోనైంది. కారణం ఆ నల్లని పెట్టె అందం కాదు, స్నేహితులు అందులో ఉండటం.

పతనం కూడా అదే దారిలో వచ్చింది. 2011 అక్టోబరు 10న బ్రిటన్‌లోని స్లౌ పట్టణంలో ఉన్న ఆ సంస్థ డేటా కేంద్రంలో లోపం తలెత్తింది. ఖండాలకు ఖండాలు నాలుగు రోజుల పాటు సందేశాలు లేక ఇబ్బంది పడ్డాయి. సరిగ్గా ఆ వారంలోనే, అక్టోబరు 12న, యాపిల్ తన ఫోన్లలో ఐమెసేజ్ అనే సొంత సందేశాల సేవను మొదలుపెట్టింది. అయితే బ్లాక్‌బెర్రీని దెబ్బతీసింది ఆ నాలుగు రోజులు కావు. 2009లో పుట్టిన వాట్సాప్ ఏ కంపెనీ ఫోనులోనైనా పనిచేసేది. బీబీఎం గుంపులో ఇద్దరు స్నేహితులు వేరే ఫోను కొన్నారనుకోండి. వాళ్లను వదిలేయాలి, లేదా గుంపంతా వాట్సాప్‌కు మారాలి. స్నేహితులను వదిలేసేవాళ్లు ఎవరుంటారు? గుంపులు ఒక్కొక్కటిగా కదిలాయి. గుంపు కదిలాక బ్లాక్‌బెర్రీ చేతిలో ఉండటానికి కారణమే మిగల్లేదు.

బీబీఎంని ఇతర ఫోన్లకూ ఇచ్చేయాలన్న వాదన సంస్థలోనే ఉండేది. అందుకోసం పట్టుబట్టినవారిలో సంస్థ ఇద్దరు సారథుల్లో ఒకరైన జిమ్ బాల్సిలీ ఉన్నారు. ఆయన మాట చెల్లలేదు, 2012లో సంస్థనుంచి తప్పుకున్నారు. చివరికి 2013 అక్టోబరులో ఐఫోన్, ఆండ్రాయిడ్ ఫోన్లకు బీబీఎం వచ్చేసరికి వాట్సాప్‌కు కోట్లాది మంది అలవాటు పడిపోయారు. 2019 మే 31న సాధారణ వినియోగదారులకు బీబీఎం మూతపడింది. రెండేళ్ల ముందు తలుపు తెరిచి ఉంటే ఫోన్ల అమ్మకాలు పోయినా ఆ చోటు మిగిలేదని నేను నమ్ముతాను. స్నేహితుల చోటును ఫోను అమ్మకానికి ఎరగా మాత్రమే చూసినందువల్ల రెండూ చేజారాయి.

సందేశాలతోనే అంతా తెగదు

బ్లాక్‌బెర్రీ కథ నుంచి యాపిల్ వేరే పాఠం నేర్చుకుంది. ఐమెసేజ్‌ను ఇతర ఫోన్లకు ఇవ్వకూడదని గట్టిగా నిర్ణయించుకుంది. ఆటల సంస్థ ఎపిక్ గేమ్స్‌తో నడిచిన వ్యాజ్యంలో 2021లో బయటపడ్డ లోపలి ఈమెయిళ్లలో ఈ సంగతి సూటిగా ఉంది. ఐమెసేజ్‌ను ఆండ్రాయిడ్‌కు ఇస్తే, ఐఫోన్ వాడే కుటుంబాలు పిల్లలకు ఆండ్రాయిడ్ ఫోను కొనిపెట్టడానికి ఉన్న అడ్డంకి తొలగిపోతుందని సాఫ్ట్‌వేర్ విభాగాధిపతి క్రెయిగ్ ఫెడరీగీ 2013లో రాశారు. పిల్లలు, అడ్డంకి. ఈ రెండు మాటలూ ఒకే వాక్యంలో ఉన్నాయి. అమెరికాలో ఐఫోన్ నుంచి ఐఫోన్‌కు వెళ్లే సందేశం నీలి రంగులో, ఇతర ఫోన్లకు వెళ్లేది ఆకుపచ్చ రంగులో కనిపిస్తుంది. గుంపులోకి ఒక్క ఆండ్రాయిడ్ ఫోను చేరిందంటే చాలు, ఫోటోలు మసకబారేవి, వీడియోలు నలిగిపోయేవి, కొన్ని సదుపాయాలు ఆగిపోయేవి. ఆ తప్పు ఎవరిదని తోటిపిల్లలు చూస్తారో చెప్పనక్కరలేదు. పైపర్ శాండ్లర్ సంస్థ అమెరికన్ టీనేజీ పిల్లల మీద జరిపే సర్వేల్లో 2023 నాటికి 87 శాతం మంది తమ దగ్గర ఐఫోన్ ఉందన్నారు.

చాలా విశ్లేషణలు ఇక్కడితో ఆగిపోతాయి. నాకు అది సరిపోదనిపిస్తుంది. కొరియాలో దాదాపు అందరూ కకావ్‌టాక్ అనే సందేశాల యాప్‌లో మాట్లాడుకుంటారు. అది ఏ ఫోనులోనైనా ఒకేలా ఉంటుంది, ఎవరి ఫోను ఏదో సందేశాన్ని చూసి చెప్పలేం. నీలి, ఆకుపచ్చ గొడవ అక్కడ లేదు. అయినా యువత ఐఫోన్ వైపే మొగ్గింది. కాబట్టి సందేశాలు ఒక దారి మాత్రమే, వేరే దారులూ ఉన్నాయి.

వాటిలో ముఖ్యమైనది ఫోటో. అద్దం ముందు నిలబడి తీసుకునే ఫోటోను ఒకసారి జాగ్రత్తగా చూడండి. అందులో ఫోను సగం ముఖాన్ని కప్పేస్తుంది. ఫోటోకు నట్టనడుమ ఉండేది ఫోను వెనుక భాగమే: కెమెరా కళ్ల అమరిక, కంపెనీ గుర్తు, పైన వేసిన కవరు. పాతకాలంలో ఫోను జేబులో ఉండే వస్తువు, ఇప్పుడది ముఖం పక్కన ఉండే వస్తువు. అందుకే కొన్నేళ్లుగా కంపెనీలు ముందు భాగం కన్నా వెనుక భాగం మీద ఎక్కువ బుర్ర పెడుతున్నాయి. 2022లో నథింగ్ సంస్థ తన మొదటి ఫోనుకు పారదర్శకమైన వీపు పెట్టి, దాని మీద వెలిగే దీపాల గీతలు అమర్చడం వెనుక ఉన్న ఆలోచన ఇదే. మడిచి జేబులో పెట్టుకునే గెలాక్సీ జెడ్ ఫ్లిప్ విషయంలో శామ్‌సంగ్ చేసిన ప్రయత్నమూ ఈ కోవలోదే. దూరం నుంచి చూసినా గుర్తుపట్టగలిగే ఆకారం అది.

ఫోటో తీశాక దాన్ని పంచుకోవాలి. ఇన్‌స్టాగ్రామ్ 2010లో ఐఫోన్‌కు మాత్రమే వచ్చింది, ఆండ్రాయిడ్‌కు ఏడాదిన్నర ఆలస్యంగా 2012 ఏప్రిల్‌లో చేరింది. స్నాప్‌చాట్ సంగతి ఇంకా విచిత్రం. వందలాది రకాల ఆండ్రాయిడ్ ఫోన్లలో ఒక్కో కెమెరాకూ తగినట్టు యాప్‌ను మలచడం కష్టమై, చాలాకాలం అది తెరమీద కనిపించే దృశ్యాన్నే పట్టుకునేది. ఫోనులో ఎంత మంచి కెమెరా ఉన్నా ఆ ఫోటో నాసిగా వచ్చేది. 2019లో యాప్‌ను తిరగరాసేదాకా ఈ ఇబ్బంది సాగింది. అప్పటికి ఆండ్రాయిడ్ ఫోటోలు బాగుండవన్న నమ్మకం ఒక తరం మనసులో పాతుకుపోయింది. ఫోన్ల కంపెనీలు కెమెరాలో ఎన్ని మెగాపిక్సెళ్లు పెంచినా ఆ నమ్మకం కదలలేదు, ఎందుకంటే ఆ తరంవాళ్లు ఫోటోలు చూసుకునేది కెమెరా యాప్‌లో కాదు, స్నేహితుల తెరల మీద.

ధర సంగతికి వస్తే మరో చిక్కుంది. అంత ఖరీదైన ఫోను సంపాదన లేని వయసువాళ్ల చేతుల్లోకి ఎలా చేరుతోంది? ఎక్కువగా పాత ఫోనుగా, లేదా వాయిదాల మీద. 2015 నాటి ఐఫోన్ 6ఎస్‌కు 2021లో వచ్చిన ఐఓఎస్ 15 సాఫ్ట్‌వేర్ కూడా అందింది. అన్నేళ్లు సాఫ్ట్‌వేర్ అందే ఫోను చేతులు మారినా పనికొస్తుంది, విలువ నిలుస్తుంది. అక్కకు కొన్నది తమ్ముడికి వస్తుంది. పైగా నాలుగేళ్ల పాత ఐఫోన్ మీదా అదే గుర్తు ఉంటుంది. గెలాక్సీ అన్న పేరు అలా కాదు, అతి చవక ఫోను నుంచి అతి ఖరీదైన ఫోను దాకా అన్నిటి మీదా ఉంటుంది. అమ్మకాల లెక్కలో అది బలం. కానీ గెలాక్సీ అనగానే తోటివాళ్లకు ఏ ధర ఫోను గుర్తుకొస్తుందో కొన్నవాళ్ల అదుపులో ఉండదు. గూగుల్ 2023లో, శామ్‌సంగ్ 2024లో తమ మేటి ఫోన్లకు ఏడేళ్ల పాటు సాఫ్ట్‌వేర్ ఇస్తామని ప్రకటించాయి. ప్రకటనల హోరు కన్నా ఈ నిర్ణయమే యువత విషయంలో ఎక్కువ పనిచేస్తుందని నా అంచనా. దాని ఫలితం మాత్రం ఆ ఫోన్లు రెండో చేతికి, మూడో చేతికి వెళ్లినప్పుడే తెలుస్తుంది.

వెంటపడితే దొరకని ఆదరణ

యువత కోసమే అని చెప్పి చేసిన ఫోన్లు ఎలా ఉంటాయో 2010లో మైక్రోసాఫ్ట్ చూపించింది. అమెరికన్ కుర్రాళ్లకు ప్రీతిపాత్రమైన సైడ్‌కిక్ ఫోన్లు చేసిన డేంజర్ అనే సంస్థను 2008లో కొని, ఆ బృందంతో కిన్ అనే ఫోను తయారు చేయించింది. సామాజిక మాధ్యమాల్లో మునిగితేలే యువత కోసమే ఇది అని చాటింపు వేసింది. కానీ అందులో కొత్త యాప్‌లు వేసుకునే వీలు లేదు, ఆటలు లేవు. స్నేహితుల కబుర్లు పదిహేను నిమిషాలకోసారి గానీ తాజా అయ్యేవి కావు. నెల బిల్లు మాత్రం పూర్తి స్థాయి స్మార్ట్‌ఫోన్‌కు పడినంతా పడేది. మేలో అమ్మకానికి వచ్చిన కిన్‌ను జూన్ 30న రద్దు చేశారు. యువతకు ఏం కావాలో కాగితం మీద రాసుకున్నవాళ్లకు ఒక సంగతి తట్టలేదు. పిల్లల కోసం చేసిన వస్తువు అని ముద్ర పడిన దాన్ని పదహారేళ్లవాళ్లు ముట్టుకోరు. వాళ్లు తమకన్నా మూడు నాలుగేళ్లు పెద్దవాళ్లవైపు చూస్తుంటారు.

వన్‌ప్లస్ ఇందుకు ఎదురు దారిలో వచ్చింది. 2014లో మొదటి ఫోనును 299 డాలర్లకు పెట్టింది, అయితే డబ్బున్నంత మాత్రాన కొనలేరు, ఆహ్వానం ఉండాలి. ఆ ఆహ్వానం ఇప్పటికే కొన్నవాళ్ల నుంచో, సంస్థ నడిపే చర్చావేదిక నుంచో రావాలి. తయారీ తక్కువగా ఉన్న చిన్న సంస్థకు అది అవసరం కూడా. ఫోను గురించి తెలిసినవాళ్ల గుంపులో మనమూ ఉన్నామన్న తృప్తి దానితో వచ్చింది. రెండేళ్లకు ఆహ్వానాలు పోయాయి. 2020 నాటికి దాని ఖరీదైన ఫోను 899 డాలర్లకు చేరింది. అదే ఏడాది వ్యవస్థాపకుల్లో ఒకరైన కార్ల్ పేయ్ వెళ్లిపోయి నథింగ్ పెట్టారు, మరుసటి ఏడాది వన్‌ప్లస్ ఒప్పోలో కలిసింది. ఫోన్లు చెడిపోయాయని కాదు. అమ్మకాలు పెరిగాయి కూడా. తొలి అభిమానులకు పోయింది తాము వేరు అన్న భావన. ఆ పని ఇప్పుడు నథింగ్ చేస్తోంది. అదీ పెద్దదైతే ఇదే కూడలికి చేరుతుంది, తప్పించుకునే దారి ఉందని నేననుకోను.

లోపాలు బ్రాండును చంపుతాయన్న నమ్మకం ఒకటుంది. అది సగమే నిజం. 2016లో గెలాక్సీ నోట్ 7 బ్యాటరీలు అంటుకున్నాయి, వాటికి బదులుగా ఇచ్చినవీ అంటుకున్నాయి, రెండు నెలల్లో ఆ ఫోను తయారీయే ఆపేశారు. మరుసటి ఏడాది శామ్‌సంగ్ కొత్త ఫోను బాగానే అమ్ముడుపోయింది. బ్యాటరీ పాతబడిన ఐఫోన్ల వేగాన్ని తామే తగ్గిస్తున్నామని 2017 డిసెంబరులో యాపిల్ ఒప్పుకుంది. దానివల్ల యువతలో ఐఫోన్ ఆదరణ తగ్గలేదు. మరి హువావే? 2019 మేలో అమెరికా ఆంక్షలు పడ్డాక కొత్త ఫోన్లలో గూగుల్ సేవలు లేకుండా పోయాయి. కెమెరాలో అప్పటికి అది అగ్రశ్రేణిలో ఉంది. అయినా చైనా బయట దాని యువ వినియోగదారులు చెదిరిపోయారు, ఎందుకంటే స్నేహితులంతా వాడే యాప్‌లు అందులో సరిగా నడవవు. నిప్పంటుకున్న ఫోనును క్షమించారు, ఒంటరిని చేసే ఫోనును క్షమించలేదు. నాలుగేళ్ల తర్వాత చైనాలో మేట్ 60 ప్రో ఆదరణకు దేశాభిమానం తోడైంది. గుంపు అన్నది ఒక్కోసారి దేశమంత పెద్దదవుతుంది.

ఈ మోజులో మెచ్చుకోదగ్గ ఉదాహరణ కూడా ఒకటి చెప్పాలి. చైనాకు చెందిన ట్రాన్షన్ సంస్థ తన టెక్నో ఫోన్లను ఆఫ్రికాలో అమ్ముతూ, నల్లని మేనిఛాయ చక్కగా పడేలా కెమెరాను సరిదిద్దింది. అంతకుముందు అదే వెలుతురులో తీసిన ఫోటోల్లో ముఖాలు చీకటిగా వచ్చేవి. ఒక నెట్‌వర్క్ నుంచి మరో నెట్‌వర్క్‌కు మాట్లాడితే ఖర్చెక్కువని గమనించి ఒకే ఫోనులో రెండు, అంతకన్నా ఎక్కువ సిమ్‌లు పెట్టింది. ఆ యువతకు ఈ బ్రాండు దగ్గరైంది తమను తాము స్పష్టంగా చూసుకోగలిగినందుకు. ఎవరినీ బయటకు నెట్టకుండా కూడా ఆదరణ సంపాదించవచ్చు.

ఫలానా ఫోనే కావాలని పిల్లలు పట్టుబట్టినప్పుడు దాన్ని డాబు అని కొట్టిపారేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. చాలాసార్లు ఆ కోరిక వెనుక ఉన్నది ఏదో ఒక గుంపులో చోటు దక్కదేమోనన్న భయం. ఏ గుంపు, ఏ యాప్, అక్కడ ఏది పనిచేయడం లేదు అని అడిగితే కొత్త ఫోను లేకుండా తీరే సమస్య కూడా కావచ్చు. తీరనిది కంపెనీ కట్టిన గోడ అయినప్పుడే. 2022లో ఒక సమావేశంలో, అమ్మకు వీడియోలు సరిగా పంపలేకపోతున్నానని ఒకరు చెప్పుకుంటే, అమ్మకు ఐఫోన్ కొనివ్వండి అని యాపిల్ అధిపతి టిమ్ కుక్ జవాబిచ్చారు. పెద్దవాళ్ల మధ్య అది నవ్వులాటగా పోతుంది. బడిలో అలా పోదు.

2024 మార్చిలో అమెరికా న్యాయశాఖ యాపిల్ మీద వేసిన గుత్తాధిపత్య దావాలో ఈ సంగతి చోటు చేసుకుంది. ఐఫోన్ లేనివాళ్లు గుంపు సంభాషణల్లో చిన్నచూపుకు, వెలికి గురవుతున్నారని, టీనేజీ పిల్లల మీద ఈ ఒత్తిడి మరీ ఎక్కువని అందులో రాశారు. అదే ఏడాది సెప్టెంబరులో ఐఓఎస్ 18తో యాపిల్ ఆర్‌సీఎస్ అనే ఉమ్మడి సందేశ ప్రమాణాన్ని అంగీకరించింది. ఆండ్రాయిడ్‌తో ఇచ్చిపుచ్చుకునే ఫోటోలు, వీడియోలు ఇప్పుడు మసకబారకుండా అందుతున్నాయి. ఆకుపచ్చ రంగు మాత్రం అలాగే ఉంచారు. వేరే పద్ధతిలో వెళ్లే సందేశమని తెలియజేయడానికి మూలన ఒక చిన్న గుర్తు చాలు, ఆ రంగు మార్చడం ఒక్క అప్‌డేట్ పని. న్యాయశాఖ దావాను కొట్టేయాలన్న యాపిల్ అభ్యర్థనను 2025 జూన్‌లో న్యూజెర్సీ ఫెడరల్ న్యాయమూర్తి తోసిపుచ్చారు. గోడ ఎవరి కోసం కట్టారన్న ప్రశ్నకు ఇక కోర్టులో జవాబు చెప్పుకోవాలి.